దీపాలు వెలిగినంతసేపు

మా అత్తగారి పేరు తమామ్. ఆవిడ కూర్చుని ఉండగా చూసినవాళ్ళు యెరూషలేములో ఎవరూ లేరు. ఇరవై ఆరేళ్ళుగా ఒకే కప్పు కింద ఉంటున్నాను, నేనే చూడలేదు. ఏడాదికి ఒక్క సందర్భం ఉంది, దాని సంగతి తర్వాత చెప్తాను. అన్నం నిలబడే తింటుంది. టీ తాగేటప్పుడు ఒక చేతిలో గ్లాసుంటే ఇంకో చేతిలో తుడుపు గుడ్డ ఉంటుంది. ప్రార్థనా మందిరంలో కూడా ఆడవాళ్ళ బెంచీల మధ్య ఎవరి తలగుడ్డ జారిందో సర్దుతూ తిరుగుతుంది. డెబ్బై మూడేళ్ళొచ్చాయి, మోకాళ్ళు రెండూ అరిగిపోయాయి. డాక్టరు "కాస్త కూర్చోండమ్మా" అంటే, "నువ్వు కూర్చో నాయనా, పొద్దుట్నుంచీ నిలబడే ఉన్నావు" అని ఆయన బల్ల తుడిచి మరీ వచ్చింది.

ఇలాంటి మనిషి దగ్గర పెళ్ళి మాట ఎత్తాల్సిన పని నాకు పడింది. ఎవరి పెళ్ళో కాదు, ఆవిడ పెళ్ళే.

హనుక్కా, అంటే మా ఎనిమిది రోజుల దీపాల పండగ, ఇంకా మూడు రోజులుందనగా నూనె కోసం బజారుకి వెళ్ళాను. మేం ఎప్పుడూ అజర్యా కొట్లోనే కొంటాం. మా ఇంటికి రెండు సందుల అవతలే ఆయన ఇల్లు. ఆలివ్ కాయలు, ఆలివ్ నూనె అమ్ముతాడు. డెబ్బై ఆరేళ్ళ మనిషి, భార్య పోయి ఎనిమిదేళ్ళయింది. నోట్లో నాలుక లేనివాడని బజారంతా అంటారు. ఆ రోజు మాత్రం నూనె డబ్బా నా సంచిలో పెట్టి, సంచి వదల్లేదు.

"అమ్మాయ్, ఒక్క మాట."

"చెప్పండి బాబాయ్."

"పండగ అయిన మర్నాడు మా అమ్మాయి హైఫా నుంచి వ్యాను పంపిస్తానంది. వాళ్ళింట్లో నాకో గది సిద్ధం చేసింది. వెళ్తే మళ్ళీ రాను, ఈ వయసులో అటూ ఇటూ తిరగలేను. మీ అత్తగారు ఉండమంటే మాత్రం ఉంటాను."

"ఉండమనడమంటే?"

"పెళ్ళి చేసుకుని ఉండమంటే" అన్నాడు, కాయల జాడీ వైపు చూస్తూ.

నాకు నవ్వొచ్చింది. ఆయన మొహం చూసి ఆపుకున్నాను. "మీరే అడగొచ్చుగా?"

"అడిగాను. మూడుసార్లు. మొదటిసారి, కాయల్లో ఉప్పెక్కువైందంది. రెండోసారి డబ్బా మూత సరిగ్గా లేదని బిగించి పెట్టింది. మూడోసారి నా మాట పూర్తయ్యేలోపు కొట్టంతా ఊడ్చి వెళ్ళిపోయింది. కాదని మాత్రం అనలేదు. అవునన్నా కాదన్నా సరే, ఒక్క మాట చాలు. తెలియకుండా వ్యాను ఎక్కడం నావల్ల కాదు."

ఇంటికొచ్చి మా ఆయనకి చెప్పాను. ఒవాదియా బస్సు డ్రైవరు, సాయంత్రం డ్యూటీకి బయల్దేరుతున్నాడు. "అమ్మకా? పెళ్ళా?" అని పొలమారేదాకా నవ్వాడు. తర్వాత చొక్కా గుండీలు పెట్టుకున్నాడు. నాన్న పోయి తొమ్మిదేళ్ళయిందన్నాడు. అజర్యా మంచివాడేనన్నాడు. "అడుగు షిఫ్రా, నువ్వే అడుగు. నాకు అమ్మంటే భయం" అని టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. కొండంత బస్సుని సందుల్లో తిప్పే మనిషి చెప్పిన మాట అది.

సరే, అడుగుదామనుకున్నాను. వంటింట్లోకి వెళ్ళి "అత్తయ్యా, అజర్యా బాబాయి..." అన్నానో లేదో, అటక మీంచి మూటలు దించడం మొదలుపెట్టింది. పెరట్లో పట్టుకుంటే బట్టలు పిండుతోంది. గదిలో పట్టుకుంటే పరుపు తిరగేస్తోంది. "తర్వాత చెప్దువుగాని, పనుంది" అంటుంది. ఆవిడకి పని ఉండడం కాదు, ఆ మాట వినిపిస్తే పని పుట్టుకొస్తుంది. సాయంత్రానికి నాకు తలప్రాణం తోకకొచ్చింది.

అప్పుడు గుర్తొచ్చింది, ఆ ఒక్క సందర్భం.

హనుక్కా దీపాలు వెలుగుతున్నంతసేపూ ఆడవాళ్ళు పని ముట్టుకోకూడదు. చాలా ఇళ్ళలో అది అరగంటే. మా అత్తగారిది ఆవిడ పుట్టిన జాఖో ఊరి ఆచారం, ఇంకా గట్టిది. చివరి వత్తి ఆరేదాకా కదలకూడదు, సూది కూడా ఎత్తకూడదు. ఆవిడకి దేవుడంటే ఎంత భయమో ఆచారమంటే అంతకంటే ఎక్కువ భయం. దీపం వెలిగించేది ఆవిడే. ఆ వేళకి ఒవాదియా రోడ్డు మీద ఉంటాడు కాబట్టి ఇంటి తరఫున తల్లే వెలిగిస్తుంది. గాజు గిన్నెల్లో వత్తులేసి నూనె పోసి సిద్ధం చేసే పని నాది.

మొదటిరోజు సాయంత్రం సందులోకి చూసే కిటికీలో దీపాల పెట్టె పెట్టాం. ఒక గిన్నె, దాన్ని వెలిగించే షమాషు దీపం. అత్తగారు స్తోత్రాలు చెప్పి వెలిగించింది. నేను ఆమేన్ అన్నాను. బయట సన్నగా వాన పడుతోంది. ఎదురిళ్ళ కిటికీల్లోనూ ఒక్కొక్కటే వెలుగుతోంది. ఆవిడ కుర్చీలో కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ఆ చేతులకి ఏం చెయ్యాలో తెలియడం లేదు, వేళ్ళు ఊరికే కదులుతున్నాయి. చూస్తే జాలేసింది. జాలిపడుతూ కూర్చోవడంలో సగం టైమైపోయింది. తర్వాత ఆవిడ బంగాళాదుంపల అట్ల గురించి అందుకుంది.

"మీ రొమేనియావాళ్ళు దుంప తురిమి పిండకుండా వేస్తారు. అందుకే నూనె తాగుతాయి."

"పిండే వేస్తాం అత్తయ్యా."

"పిండితే ఇలా ఉండవు."

నేను అట్ల తరఫున వాదించడం మొదలుపెట్టాను. వాదన తేలేసరికి వత్తి చిటపటలాడి ఆరిపోయింది. ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళింది. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

రెండోరోజు నూనె ఎక్కువ పోశాను. దీపాలు గంటకు పైగా వెలిగాయి. "ఈ ఏడు నూనె చిక్కగా ఉందే" అంది అత్తగారు, అనుమానంగా. నూనె మాట రాగానే నేనందుకున్నాను, అజర్యా బాబాయి ఎలా ఉన్నారో పాపం అన్నాను. "ఆయనకేం, రాయిలా ఉన్నాడు" అని కళ్ళు మూసుకుంది. నిజంగా నిద్రపోయిందో నటించిందో తెలియదు. గురక మాత్రం పెట్టింది.

మూడోరోజు నాకు పంతం వచ్చింది. గిన్నెలు అంచుదాకా నింపాను. మూడు గంటలు వెలిగే నూనె. పగలు కాఫీ రెండుసార్లు పట్టించాను, నిద్ర రాకుండా. అంతా బాగానే ఆలోచించాను, పొయ్యి సంగతి తప్ప. బీట్‌రూట్ పులుసులో మాంసం కూరిన కుబ్బె ఉండలు వేసి కిరసనాయిలు స్టవ్వు మీద సన్నటి సెగన పెట్టాను. అరగంటలో దించాలి.

దీపాలు వెలిగాయి. అరగంట గడిచింది. మంటలు ఏమాత్రం తగ్గలేదు. గంట గడిచేసరికి మాడు వాసన మొదలైంది. నేను లేవబోయాను.

"కూర్చో" అంది అత్తగారు.

"పులుసు మాడిపోతోంది అత్తయ్యా."

"మాడనీ. దీపాలు వెలుగుతున్నాయిగా. నూనె పోసింది నువ్వేగా."

ఆవిడకి మొదటినుంచీ తెలుసు. నన్ను చూసి నవ్వుతోంది కూడా. కుడితిలో పడ్డ ఎలుకలా ఉంది నా పని.

"ఏం అడగాలనుకున్నావో అడుగు. ఇంత నూనె పోశావు, వృథా ఎందుకు."

అడిగేశాను. ఆయన చెప్పిందంతా చెప్పాను. గది, వ్యాను, ఒక్క మాట చాలన్నది, అన్నీ చెప్పాను. ఆవిడ నవ్వు ఆగిపోయింది. కిటికీ వైపు చూస్తూ కూర్చుంది. మాడు వాసన ముక్కుకి తగులుతోంది. నేను ఓపిగ్గా ఆగాను. ఓపిక నాకు లేని గుణం, అయినా ఆగాను.

"ఎవరు పంపారు నిన్ను?" అంది చివరికి.

"ఆయనే."

"ఆయన పంపితే మూడురోజులు నూనె పోస్తావా? నీకే ఉంది. నన్ను ఈ ఇంట్లోంచి పంపించెయ్యాలని ఉంది."

ఎవరికోసం ఇదంతా చేశానో వాళ్ళ నోటినుంచే ఆ మాట వస్తే ఎలా ఉంటుంది? ఒళ్ళు మండిపోయింది. "అవును, ఉంది" అన్నాను. "ఇరవై ఆరేళ్ళుగా ఉంది. నేను పెట్టిన గిన్నె నేను పెట్టినచోట ఒక్కరోజైనా ఉంటే చూడాలని ఉంది. నేను ఊడ్చిన గది మళ్ళీ ఊడవకుండా ఉంటే చూడాలని ఉంది. వెళ్ళండి. మీకూ మంచిది, నాకూ మంచిది."

నోరు జారాను. జారాక తీసుకోవడానికి ఏముంది. ఆవిడ శాలువా భుజాల మీదికి లాక్కుంది, అంతే. ఇద్దరం ఒకళ్ళనొకళ్ళు చూసుకోకుండా కూర్చున్నాం. ఒవాదియా ఇంటికొచ్చేసరికి గది నిండా పొగ, మధ్యలో మేమిద్దరం.

"ఇల్లు తగలబడుతుంటే కూర్చున్నారేంటి?" అని పరుగెత్తి స్టవ్వు ఆర్పాడు. గిన్నె అడుగు బొగ్గయిపోయింది.

"పండగరా" అంది అత్తగారు. ఆ రాత్రి ముగ్గురం రొట్టె, కాయలు తిని పడుకున్నాం.

తర్వాత నాలుగు రోజులు ఆవిడ నాతో మాట్లాడలేదు. మాట్లాడలేదంటే తిట్టలేదు కూడా, అది ఇంకా కష్టం. నేను చక్కెర డబ్బా ఎక్కడ పెడితే అక్కడే ఉంచింది. నా వంటింటిని నాకు అప్పగించేసి పెరట్లో తిరిగింది. సాయంత్రం దీపాలు వెలిగించి, ఒళ్ళో చేతులు పెట్టుకుని, వత్తులు ఆరాక లేచి వెళ్ళేది. నేను నూనె తక్కువ పోద్దామనుకుని కూడా ఎక్కువే పోస్తున్నాను. మాటలు లేకపోయినా కనీసం ఎదురుగా కూర్చుని ఉంటుంది కదా. శుక్రవారం, మా విశ్రాంతి దినం షబ్బాత్ మొదలయ్యే ముందు, ఒవాదియా ఇంట్లో ఉన్నాడు కనుక తనే వెలిగించాడు. ఆ రోజు చీకటిపడ్డాక కూడా వెలగాలి గనుక నూనె మామూలుగానే ఎక్కువ పడుతుంది. డబ్బా వంపి చూస్తే చుక్క లేదు. ఎనిమిది రోజుల నూనె ఆరు రోజుల్లో తగలబెట్టాను.

శనివారం చుక్కలు పొడిచాయి. షబ్బాత్ ముగిసింది. ఒవాదియా డ్యూటీకి వెళ్తూ "బజారు తెరిచి ఉండదు. దారిలో అజర్యాకి చెప్పి వెళ్తాలే" అన్నాడు. నేను వద్దనేలోపు వెళ్ళిపోయాడు. పావుగంటలో తలుపు చప్పుడైంది. అజర్యా, కోటు కింద సీసాతో.

ఆయన సీసా నాకిచ్చి వెనక్కి తిరగబోయాడు. "ఉండండి బాబాయ్, స్తోత్రం విని వెళ్ళండి" అన్నాను. అత్తగారేమీ అనలేదు. నేను గిన్నెలు నింపాను, ఆవిడ ఏడు దీపాలూ వెలిగించింది, మేమిద్దరం ఆమేన్ అన్నాం. ఇక ఆవిడకి పారిపోయే దారి లేదు. కుర్చీలో కూర్చుంది. ఆయన తలుపు దగ్గర నిలబడ్డాడు. టోపీ చేతిలో తిప్పుతున్నాడు.

మొదట అత్తగారే మాట్లాడింది. "మీ ఇంట్లో ఇవాళ ఎన్ని? తొమ్మిదా?"

"తొమ్మిదే. ఇంటికెళ్ళి వెలిగించాలి."

"ఏడు దీపాలకి రెండు షమాషులా. మీ హలబు ఊరివాళ్ళు నూనె దండగ చెయ్యడంలో ఎవరికీ తీసిపోరు. నూనె కొట్టువాళ్ళు కదా, సరిపోయింది."

ఆయన నవ్వాడు. "దండగ కాదు తమామ్. మావాళ్ళు ఎప్పుడో ఇళ్ళూ వాకిళ్ళూ వదులుకుని హలబు చేరారట. అక్కడివాళ్ళు ఇంట్లో చోటిచ్చారట. చోటిచ్చినవాళ్ళ పేరు చెప్పుకోవడానికి ఒక దీపం ఎక్కువ. మా నాన్న అలాగే చెప్పేవాడు."

అత్తగారు ఇంకో మాట అనబోయి ఆపేసింది.  ఆయన టోపీ పెట్టుకున్నాడు.

"రేపు చివరి దీపం వెలిగించి సామాన్లు సర్దుకుంటాను. నీమీద కోపం లేదు. నూనె ఎప్పుడు కావాలన్నా మా కొట్టు కొన్నాయన ఇస్తాడు, చెప్పి పెట్టాను" అని వెళ్ళిపోయాడు.

మేమిద్దరం మిగిలాం. దీపాలు బాగా వెలుగుతున్నాయి. ఆవిడ నాలుగు రోజుల తర్వాత నా వైపు చూసింది.

"ఆయన వంటింట్లో గిన్నెలు ఎక్కడుంటాయి?"

"నాకేం తెలుసత్తయ్యా."

"నాకూ తెలీదు. ఆ పోయినావిడ ఎక్కడ పెట్టిందో అక్కడే ఉంటాయి. గరిటె ఎక్కడుందో వెతుక్కోవాలి. ఉప్పు ఎక్కడుందో అడుక్కోవాలి. డెబ్బై మూడేళ్ళొచ్చి కొత్తకోడల్లా ఒకరింట్లోకి వెళ్ళి నిలబడాలి. హైఫా నుంచి ఆ కూతురొస్తుంది, మా అమ్మ ఇక్కడ పెట్టేది కాదంటుంది."

"ఆ అమ్మాయి అలా ఎందుకంటుంది?"

"నేననలా నిన్ను?"

నేను దీపాల వైపు తిరిగాను.

"నువ్వొచ్చిన మొదటి హనుక్కా నాకు గుర్తుంది" అంది ఆవిడ. "మీ రొమేనియావాళ్ళ ఇళ్ళల్లో ఎవరి దీపం వాళ్ళు వెలిగించుకుంటారు కదా. మీ నాన్న ఇచ్చిన ఇత్తడి దీపం తెచ్చుకున్నావు. బుడ్డిగా, ఒక కాలు వంకర. కిటికీలో పెట్టుకున్నావు. నేను తీసి అటకమీద పెట్టాను. ఇంటికి ఒకటే దీపం, మగవాళ్ళు లేనప్పుడు అది ఇంటావిడ వెలిగిస్తుంది, నువ్వు ఆమేన్ అను చాలన్నాను. నువ్వు బాత్రూములోకి వెళ్ళి నీళ్ళు వదిలి ఏడ్చావు. వినబడింది నాకు. విని, వెళ్ళి అంట్లు తోముకున్నాను. కడిగినవే మళ్ళీ కడిగాను."

ఆ సంగతి ఆవిడకి తెలుసని నాకు తెలియదు. ఇరవై ఆరేళ్ళు దాన్ని నేనొక్కదాన్నే మోస్తున్నాననుకున్నాను. 

"ఊరికే కూర్చుంటే ఇలాంటివన్నీ గుర్తొస్తాయే" అంది. "నేను చేసింది నాకెవరైనా చేస్తే ఓర్చుకోగలనా అని భయం. ఆయన వద్దని కాదు. ఆయన కాయల్లో ఉప్పు కూడా సరిగ్గానే ఉంటుంది."

అత్తా ఒకింటి కోడలేనని ఎన్నిసార్లు విన్నానో, ఎన్నిసార్లు దెప్పడానికి వాడానో. ఆ మాట భయంగా కూడా ఉంటుందని ఆ రోజే తెలిసింది. నేను కుర్చీ జరుపుకుని దగ్గరికి వెళ్ళాను. ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. గరుకుగా, సోడా వాసనతో ఉంది. పట్టుకోవడం పని కిందకి రాదు కదా.

"నేను మొన్నన్నది అబద్ధం అత్తయ్యా. మీరు వెళ్ళిపోవాలని నాకు లేదు."

"సగం నిజమేగా."

"పావు."

"పోనీ, పావు" అని నవ్వింది. "అయితే వెళ్ళొద్దంటావా?"

వెళ్ళొద్దనే అనాలనిపించింది. ఈ నాలుగు రోజులు చక్కెర డబ్బా నేను పెట్టినచోటే ఉంటే ఇల్లు నాది కానట్టు అనిపించింది. ఆ మాట చెప్తే ఉండిపోతుంది. అజర్యా వ్యాను ఎక్కుతాడు. ఆవిడ అరిగిన మోకాళ్ళతోనే నా గిన్నెలు సర్దుకుంటూ, గుర్తొచ్చిన వాటినుంచి పారిపోతూ ఉంటుంది. నాకు సుఖమే.

"నేనేమీ అనను" అన్నాను. "ఆయన కూతురు గరిటె గురించి మాట్లాడితే నాకు చెప్పండి, నేనొచ్చి మాట్లాడతాను. నా నోరు మీకు తెలుసుగా."

"తెలుసు. నా దగ్గరే పదునెక్కింది" అంది.

ఆ రాత్రి అంతకంటే ఏమీ తేలలేదు. వత్తులు ఒక్కొక్కటే ఆరాయి. చివరిది ఆరాక కూడా ఆవిడ వెంటనే లేవలేదు. అది చూసి ఒవాదియా ఇంటికొచ్చినప్పుడు తల్లికి జ్వరమేమోనని నుదురు తాకి చూశాడు.

ఆదివారం, ఎనిమిదో రోజు. పొద్దుటినుంచీ ఆవిడ మామూలుగానే పని చేసింది. నన్ను తిట్టింది కూడా, పిండి తేమగా కలిపానని. అది విని ప్రాణం లేచొచ్చింది. జామ్ పెట్టిన బూరెలు వేయించాం. నేను ఏం అడగలేదు. అడిగితే పారిపోతుందని భయం, అడగకపోతే రేపు వ్యాను వస్తుందని భయం. మధ్యాహ్నం బూరెలు కొన్ని గిన్నెలో సర్ది మూత పెట్టి పక్కన పెట్టింది. ఎవరికని అడగబోయి నాలుక కరుచుకున్నాను.

సాయంత్రమైంది. ఎనిమిది గిన్నెలూ నింపాను. అజర్యా తెచ్చిన సీసా సరిగ్గా సరిపోయింది. ఆవిడ తల మీద తెల్లగుడ్డ కట్టుకుని వచ్చింది. అగ్గిపుల్ల గీసి షమాషు వత్తి వెలిగించి చేతిలోకి తీసుకుంది. స్తోత్రం మొదలుపెడుతుందని తల వంచాను. ఏమీ వినబడలేదు. తలెత్తితే, ఆ వెలుగుతున్న వత్తిని నా ముందుకు చాచి ఉంది.

"నువ్వు వెలిగించు."

ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. మగవాళ్ళు లేనప్పుడు మా ఇంట్లో దీపం ఇంటావిడ వెలిగిస్తుంది. ఆవిడ వెలిగించదంటే, ఈ ఇంటావిడ ఇక ఆవిడ కాదు. అవునో కాదో ఆయనకి చెప్పాల్సిన ఆ ఒక్క మాట ఆవిడ నాకు చెప్పింది.

ఇది కావాలని నేను ఇరవై ఆరేళ్ళు లోపల్లోపల ఎంత ఏడ్చానో దేవుడికి తెలుసు. ఇప్పుడు ఎదురుగా ఉంటే చెయ్యి రాలేదు.

"మీరే వెలిగించండి అత్తయ్యా. ఈ ఒక్కరోజూ."

"వచ్చే ఏడు నేను ఆయనింట్లో ఉంటాను. ఆ దండగ దీపం నా చేత్తోనే వెలిగించాలి. ఇక్కడ ఎవరు వెలిగిస్తారు? స్తోత్రం వచ్చా, మర్చిపోయావా?"

"వెళ్ళొద్దు" అన్నాను. నిన్న దిగమింగిన మాట ఇప్పుడు తన్నుకొచ్చింది. ఇంత చేసి, ఇంత నూనె పోసి, చివరికి చిన్నపిల్లలా వెళ్ళొద్దని అంటున్నాను.

"వెళ్తానే పిచ్చిదానా. రెండు సందులే" అంది. ఆవిడ కళ్ళలోనూ నీళ్ళున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీగా లేదు. "వేళ్ళు కాలుతున్నాయి, పట్టుకో."

పట్టుకున్నాను. స్తోత్రం మధ్యలో రెండుసార్లు తడబడ్డాను, ఆవిడ అందించింది. ఎనిమిదీ వెలిగించాను. ఒక వత్తి నూనెలో మునిగింది, దాన్ని మళ్ళీ లేపి వెలిగించాను. ఆవిడ ఆమేన్ అంది.

అప్పుడు కిటికీ అవతల చూశాను. సందులో, వానలో, అజర్యా నిలబడి ఉన్నాడు. చివరి దీపం చూసి వెళ్దామని వచ్చాడేమో. గాజుకి అవతల మంటలు, మంటల వెనక మేమిద్దరం, వత్తి ఎవరి చేతిలో ఉందో ఆయనకి స్పష్టంగా కనబడుతోంది. ఆయనకి ఎవరూ ఏమీ చెప్పలేదు. మా ఆచారం తెలిసినవాడికి చెప్పాల్సిన పని లేదు. టోపీ తీశాడు. దాంతో మొహం తుడుచుకున్నాడు. ఎంత తుడిచినా వాన పడుతూనే ఉంది.

అత్తగారు కుర్చీలో కూర్చుని చూసింది. "తడుస్తూ నిలబడ్డాడు చూడు. ఈ వయసులో ఒంటిమీద జాగ్రత్తే లేదు. జలుబు చేస్తే నేను చావాలి."

"లోపలికి పిలవండి అత్తయ్యా."

"నేనెలా పిలుస్తానే?" అంది. "ఇల్లు నీది. నువ్వే పిలవాలి."

నేను కళ్ళు తుడుచుకుని వెళ్ళి తలుపు తీశాను.